ప్రకృతి ఆశ్రమాలకు దారి చూపించడం ఒక వృత్తి అవుతుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, మారతహళ్లిలో ఉంటున్నాం. ఏడేళ్లుగా ఒక కంపెనీ ట్రావెల్ డెస్క్‌లో పని చేస్తున్నాను. టికెట్లు, హోటళ్లు, వీసా కాగితాలు అన్నీ వచ్చు. జీతం 42 వేలు. మూడేళ్ల క్రితం అమ్మకు మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టకపోవడం ఎక్కువైతే తుమకూరు రోడ్డు వైపు ఒక ప్రకృతి చికిత్సాలయంలో పది రోజులు ఉంచాం. చాలా తేలిక పడింది. అప్పటినుంచి ఏటా వెళ్తోంది. అది చూసి బంధువులు, ఆఫీసు వాళ్లు "మాకూ ఒకటి చూసి పెట్టు" అంటున్నారు. ఇప్పటికి పదిహేను మందికి చూసి పెట్టాను, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. దీన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఒక సంస్థ "వెల్‌నెస్ ట్రావెల్ స్పెషలిస్ట్" సర్టిఫికెట్‌కు 85 వేలు అడుగుతోంది. మా ఆయన "ఇదంతా నాలుగు రోజుల ఫ్యాషన్" అంటున్నారు. నాకు వైద్యం తెలియదు, నన్నెవరు నమ్ముతారని ఒక్కోసారి టెన్షన్ వస్తోంది. కోర్సులో చేరమంటారా? ఉద్యోగం మానేయవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? (పేరు వేయవద్దు)

జవాబు: ముందు ఆ 85 వేలు కట్టకండమ్మా. ఈ మాట చెప్పేశాను కాబట్టి మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

మన దేశంలో ఈ పని చేయడానికి ఆ పేరుతో ప్రభుత్వ లైసెన్సు ఏదీ లేదు. టూర్ ఆపరేటర్లకు కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు కూడా కావాలనుకున్నవాళ్లు తీసుకునేదే. పదకొండేళ్లుగా బెంగళూరులో ఇదే పని చేస్తున్నాను, నా గోడ మీద ఏ సర్టిఫికెట్ ఉందని ఒక్కరూ అడగలేదు. "మీరు అక్కడ ఉన్నారా? తిండి ఎలా ఉంటుంది? మా అమ్మకు తెలుగు తప్ప రాదు, ఎలా?" అని మాత్రం అందరూ అడిగారు. ఈ మూడింటికీ జవాబు ఏ వీడియో పాఠంలోనూ దొరకదు.

ఇప్పుడు మీకో ప్రశ్న. ఆ పదిహేను మందిలో ఎంతమందిని "మీరు రోజూ ఏ మందులు వేసుకుంటారు?" అని అడిగారు?

నేను మొదట్లో అడిగేదాన్ని కాదు. ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడాది అది. బళ్లారి వైపు ఒక పెద్దాయన, అరవై దాటారు. అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "నాన్న బరువు తగ్గాలి, మంచి చోటు చూడండి" అన్నాడు. ఉపవాస చికిత్స చేసే ఒక చోట గది దొరికింది, బుక్ చేశాను. ఆయన ఇన్సులిన్ తీసుకుంటారని నాకు తెలియదు. చేరేటప్పుడు తోడు వచ్చిన మేనల్లుడు ఫారంలో "షుగర్ కొద్దిగా ఉంది" అని రాశాడట. రెండో రోజు రసాల మీద ఉంచారు. ఆయన అలవాటు ప్రకారం గదిలో తన సూది తాను వేసుకున్నారు. సాయంత్రానికి ఒళ్లంతా చెమటలు, వణుకు, మాట తడబడింది. డ్యూటీ డాక్టర్ వెంటనే గ్లూకోజ్ ఎక్కించడంతో గండం గడిచింది. ఆ రాత్రి ఒంటిగంటకు నేను ఆ వరండాలో కూర్చుని ఉన్నాను. కొడుకు చెప్పలేదు, మేనల్లుడు సరిగ్గా రాయలేదు అని ఎంత అనుకున్నా, మొదట అడగాల్సిన మనిషిని నేనే.

ఆ మర్నాటి నుంచి నా పని పద్ధతి మారిపోయింది. ఎవరైనా ఫోన్ చేస్తే రేటు చెప్పే ముందు అరగంట మాట్లాడతాను. ఏయే మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ గానీ రక్తం పలచబరిచే మాత్రలు గానీ ఉన్నాయా? ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా? గర్భం ఉందా, లేదా ప్రయత్నంలో ఉన్నారా? నెలసరి తేదీలు ఎప్పుడు? పంచకర్మ అనే ఆయుర్వేద శుద్ధి చికిత్సలో ఆ రోజుల్లో చాలావరకు ఆపేస్తారు. ఇది ముందే అడగకపోతే పద్నాలుగు రోజులకు డబ్బు కట్టిన మనిషి అందులో నాలుగు రోజులు ఊరికే గదిలో కూర్చుంటుంది. ఇంకా, కింద కూర్చోగలరా, రోజుకు ఎన్ని కాఫీలు, ఫోన్ లేకుండా ఉండగలరా, ఇంతకుముందు ఇంటికి దూరంగా ఒంటరిగా ఉన్నారా? చివరికి, అసలు ఎందుకు వెళ్తున్నారు? ఈ ఆఖరి ప్రశ్నకు చాలామంది మొదట ఒక జవాబు, పావుగంట తర్వాత ఇంకో జవాబు చెప్తారు. బరువు తగ్గాలని మొదలుపెట్టిన ఒకావిడ, కాసేపటికి "ఒక పది రోజులు ఎవరికీ వండిపెట్టకుండా ఉండాలని ఉందండీ" అంది. ఆవిడను ఉపవాసాల చోటికి పంపి ఉంటే ఎంత పొరపాటు అయ్యేదో చూడండి.

ఈ జవాబుల మీద మీరు తీర్పు చెప్పకూడదు. "మీ షుగర్‌కు ఈ చికిత్స మంచిది" అనే మాట మీ నోట రాకూడదు. వాటిని ఉన్నవున్నట్టు, ఆ మనిషి అనుమతితో, అక్కడి వైద్యులకు పంపి "చేర్చుకుంటారా, ఏ మార్పులతో?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్, ఆయుర్వేదంలో బీఏఎంఎస్ చదవడానికి ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు పడుతుంది. ఆ చదువు మీకు అక్కర్లేదు గానీ, బోర్డు మీద ఉన్న డాక్టరుకు ఆ డిగ్రీ ఉందా, రాత్రిపూట ఎవరుంటారు, దగ్గరలో పెద్దాసుపత్రి ఎంత దూరం, ఆసుపత్రుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉందా అన్నవి చూడడం మీ పని. ఆడవాళ్లకు మర్దన ఆడవాళ్లే చేస్తారా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. "వైద్యం తెలియదు" అన్న మీ భయం నాకు మంచి లక్షణంలాగే కనిపిస్తోంది. తెలుసనుకునేవాళ్ల దగ్గరే ప్రమాదం.

బెంగళూరులో ఉండడం మీకు పెద్ద కలిసివచ్చే విషయం. ఇన్ని రకాల చోట్లు ఇంత దగ్గరలో మరే నగరం చుట్టూ చూడలేదు నేను. తుమకూరు రోడ్డులో జిందాల్ ప్రకృతి చికిత్సాలయం, నెలమంగల దగ్గర ధర్మస్థల వాళ్ల క్షేమవన, అటువైపే శ్రేయస్ యోగా రిట్రీట్. వైట్‌ఫీల్డ్ అవతల సౌఖ్య, మీ ఇంటికి దగ్గరే. జిగణిలో యోగానే చికిత్సగా వాడే ఎస్‌-వ్యాస ఆరోగ్యధామ. కనకపుర రోడ్డులో ఆర్ట్ ఆఫ్ లివింగ్ ఆశ్రమం, అక్కడ పంచకర్మ కూడా చేస్తారు. కాగితం మీద ఇవన్నీ "వెల్‌నెస్" కిందికే వస్తాయి. లోపలికి వెళ్తే ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు. ఒకచోట ఆసుపత్రి క్రమశిక్షణ: తెల్లవారకముందే లేవాలి, మట్టిపట్టీ, ఎనిమా, ఉప్పులేని తిండి. ఇంకోచోట చక్కటి గది, తోట, యోగా, మిగతా సమయం మీ ఇష్టం. మూడోచోట ఆశ్రమ వాతావరణం, అది నచ్చినవాళ్లకు ప్రాణం, నచ్చనివాళ్లకు ఇబ్బంది. పని ఒత్తిడితో నలిగిపోయి ప్రశాంతంగా నిద్రపోదామనుకునే జంటను మొదటి చోటికి పంపితే మూడో రోజుకే తిరిగొస్తారు. మోకాళ్ల నొప్పితో వైద్యం కోసం వెళ్లే పెద్దావిడను రెండో చోటికి పంపితే డబ్బు దండగ.

అందుకే ఆ 85 వేలలో సగం పక్కన పెట్టి ఈ ఏడాదిలో మూడు నాలుగు చోట్ల మీరే వెళ్లి ఉండండి. ఒక్కోచోట కనీసం మూడు రాత్రులు. అమ్మగారికి తోడుగా కాకుండా, చికిత్స తీసుకునే మనిషిగా. రెండో రోజు కాఫీ లేక వచ్చే తలనొప్పి మీకూ వస్తే, వెళ్లబోయేవాళ్లకు "వారం ముందు నుంచి ఒక్కో కప్పూ తగ్గించుకుంటూ రండి" అని ఫోన్‌లో చెప్పేటప్పుడు మీ గొంతే వేరుగా ఉంటుంది. ఫిల్టర్ కాఫీ అలవాటైన మనవాళ్లకు ఈ ఒక్క సలహా ఎంత మేలు చేస్తుందో చెప్పలేను.

ఆయుర్వేదం వైపు ఇంకొంచెం లోతుగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఎక్కువ మోసపోయేది అక్కడే. పంచకర్మ అంటే వమనం (వాంతి చేయించడం), విరేచనం (కడుపు కడగడం), బస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం), రక్తమోక్షణం (రక్తం తీయడం). అందరికీ ఐదూ చేయరు, అవసరమైనవి వైద్యుడు నిర్ణయిస్తారు. అసలు కర్మకు ముందు కొన్ని రోజులు నెయ్యి తాగించడం, నూనె పట్టించడం, చెమట పట్టించడం. తర్వాత గంజితో మొదలుపెట్టి మెల్లగా మామూలు అన్నానికి తీసుకురావడం. ఇదంతా జరగాలంటే పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది రోజులు అడుగుతారు. "నాలుగు రోజుల పంచకర్మ ప్యాకేజీ" అని ఎక్కడైనా కనిపిస్తే అది నూనె మర్దన, ఆవిరి, నుదుటి మీద నూనె ధారగా పోసే శిరోధార అయి ఉంటుంది. అవి హాయిగానే ఉంటాయి. ఆ పేరుతో అమ్మడమే తప్పు.

ఇక్కడ మీ ఏడేళ్ల టికెటింగ్ అనుభవం బంగారం. విరేచనం అయిన మర్నాడే అర్ధరాత్రి ఫ్లైట్ వేసే ఏజెంట్లను చూశాను. కేరళలో పంచకర్మ అయ్యాక "ఎలాగూ వెళ్తున్నాం కదా" అని మున్నార్, అలెప్పీ తగిలించేవాళ్లనూ చూశాను. ఆ రోజుల్లో ఎండ, ప్రయాణం, బయటి తిండి, రాత్రి మేలుకోవడం వద్దని వైద్యులే చెప్తారు. తిరగాలనుకుంటే చికిత్సకు ముందు తిరగాలి. కేరళలో ఆర్యవైద్యశాల ఉన్న కోట్టక్కల్ వెళ్లేవాళ్లకు దగ్గర స్టేషన్ తిరూర్, విమానమైతే కాలికట్. మలయాళీలు చికిత్సకు మంచిదని నమ్మే కర్కిడక మాసం జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా, అంటే సరిగ్గా వానాకాలం. ఆ రోజుల్లో ధర్మస్థలలోని శాంతివన ప్రకృతి చికిత్సాలయానికి రోడ్డు మీద పంపుతుంటే, దారిలో వచ్చే శిరాడి ఘాట్‌లో కొండచరియలు పడ్డాయేమో చూసుకోవాలి. ఒక్కోసారి రోడ్డు మూసేస్తారు. ఇలాంటివి కలిపి ఆలోచించగలిగే మనిషి వైద్యుల దగ్గరా ఉండరు, మామూలు ట్రావెల్ ఏజెన్సీలోనూ ఉండరు. ఆ ఖాళీలోనే మీకు చోటుంది.

ఇంకో ఖాళీ భాష. మన రాయలసీమ నుంచి వచ్చే పెద్దవాళ్లు కేరళలో వైద్యుడికి తమ బాధ సరిగ్గా చెప్పుకోలేక, మర్దన చేసే అమ్మాయికి "అక్కడ నొప్పి, గట్టిగా వద్దు" అని చెప్పలేక ఊరుకుండిపోతారు. రాగి సంకటి, పచ్చిమిరపకాయ పప్పు తినే నోటికి ఆ పథ్యం ఎలా ఉంటుందో వాళ్లకు ముందే ఎవరూ చెప్పరు. అమెరికాలో, సింగపూర్‌లో ఉన్న పిల్లలు ఇక్కడి తల్లిదండ్రుల కోసం బుక్ చేసేటప్పుడు వెతికేది సరిగ్గా ఇలాంటి మనిషినే. రోజూ సాయంత్రం అమ్మానాన్నలకు ఒక ఫోన్, పిల్లలకు ఒక వాయిస్ మెసేజ్. నా పనిలో ఎక్కువ భాగం ఇదే. కాబట్టి మొదట్లోనే బాలి, థాయ్‌లాండ్ అంటూ పరిగెత్తకండి. విదేశీ ప్యాకేజీ అమ్మితే టీసీఎస్ (అమ్మేటప్పుడే క్లయింటు దగ్గర తీసుకునే పన్ను) వసూలు చేయడం వంటి లెక్కలు కూడా తోడవుతాయి. ఆ రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి, అప్పుడు ఆడిటర్ సాయం తప్పదు. విదేశీయులు ఇక్కడికి వస్తే 2023 నుంచి ఆయుష్ (ఆయుర్వేదం, యోగా వంటి మన వైద్య పద్ధతులు) వీసా అని ప్రత్యేకంగా ఉంది. వీసా పని మీకు అలవాటే కాబట్టి దాని నిబంధనలు ఒకసారి చదివి పెట్టుకోండి, చాలు.

రెండు విషయాల్లో మాత్రం నోరు జాగ్రత్త. ఒకటి ప్రచారం. మీరు రీల్స్ పెడతారు, పెట్టాలి కూడా. కానీ "షుగర్ తగ్గిపోతుంది, బీపీ మాత్రలు మానేయవచ్చు" అని ఒక్క ముక్క కూడా వద్దు. డయాబెటిస్, క్యాన్సర్, రక్తపోటు, ఊబకాయం వంటివి నయం చేస్తాయని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచి, ఆ మాట నమ్మి ఒక మనిషి ఇంట్లో మాత్రలు ఆపేస్తే మన గుండె ఊరుకుంటుందా?

రెండోది ఇన్సూరెన్స్. "పాలసీ ఉంది కదా, క్లెయిమ్ అవుతుందా?" అని ప్రతి రెండో మనిషీ అడుగుతారు. ఆయుష్ ఆసుపత్రుల్లో చేరి తీసుకునే చికిత్సకు పాలసీలు డబ్బిస్తాయి, నిజమే. కానీ ఆరోగ్య బీమా పాలసీల స్టాండర్డ్ మినహాయింపుల్లో స్పాలు, ప్రకృతి చికిత్సాలయాలు, అలాంటి చోట్ల తీసుకునే చికిత్సలు ఉన్నాయి. అందుకని "వస్తుంది" అని మీరు మాటివ్వకండి. పాలసీ నంబరుతో కంపెనీకే రాసి, జవాబు వచ్చాకే బయల్దేరమనండి.

చదువు సంగతి. మీకు నిజంగా ఒక కాగితం కావాలనిపిస్తే ఇగ్నోలో దూరవిద్యగా టూరిజం కోర్సులున్నాయి. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ టూరిజం సంస్థ ఐఐటీటీఎం క్యాంపస్ ఉంది, కానీ ఏడేళ్లు ఈ పనిలో ఉన్న మీరు ఉద్యోగం వదిలి అక్కడ చేరాల్సిన పని లేదు. ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలున్నాయి, యోగా మీద ఇష్టముంటే రాయండి. నేనైతే వీటన్నిటికన్నా ముందు రెడ్‌క్రాస్ వాళ్ల ప్రథమ చికిత్స శిక్షణ తీసుకోమంటాను. ఆ బళ్లారి పెద్దాయన తర్వాత నేను చేసిన మొదటి పని అదే.

ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. డబ్బు లెక్క ఎలా ఉంటుందో చెప్తాను. ఒక జంట రెండు వారాలకు రెండు లక్షల బిల్లు అయిందనుకోండి. పది శాతం కమీషన్ ఇచ్చే చోటైతే మీకు 20 వేలు. అది కూడా వాళ్లు ఉండి వెళ్లిపోయాక, ఒక్కోసారి నెల తర్వాత చేతికొస్తుంది. సగంలో తిరిగొస్తే అందులోనూ కోత. ట్రస్టులు నడిపే చోట్ల కమీషన్ ఆశించలేం. మీ అమ్మగారి లాంటివాళ్లకు సరిపోయేవి చాలాసార్లు అవే. కమీషన్ మీదే బతికితే తెలియకుండానే మనసు ఖరీదైన చోటువైపు లాగుతుంది. నాకూ అలా అయింది, అందుకే చెప్తున్నాను. కాబట్టి మొదటి రోజు నుంచే మాట్లాడినందుకు, వెతికినందుకు మీ ఫీజు విడిగా తీసుకోండి. రెండు వేలో మూడు వేలో, మీకు న్యాయమనిపించింది. ఎక్కడి నుంచైనా కమీషన్ వస్తుంటే ఆ విషయం క్లయింటుకు చెప్పేయండి. చెప్పినందుకు ఇప్పటిదాకా నన్నెవరూ వదిలిపోలేదు. పదహారో మనిషి అడిగినప్పుడు బంధువైనా సరే, మొహమాటపడకుండా ఫీజు చెప్పండి. ఆ రోజు కష్టంగా ఉంటుంది, తెలుసు.

ఏడాదిపాటు శని, ఆదివారాలు దీనికి కేటాయించండి. అంతకుముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, వేరే సంపాదన గురించి ఏం రాసిందో చూసుకోండి. మీరున్నది ట్రావెల్ డెస్క్ కాబట్టి ఆఫీసు కాంట్రాక్టు రేట్లు, ఆఫీసు లాగిన్ దీనికి అస్సలు వాడకండి. ఏడాదికి 20 లక్షల రాబడి దాటేదాకా సేవలకు మామూలుగా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయినా ఆడిటర్‌ను ఒకసారి కలవండి. ఫీజు, కమీషన్ కలిపి వరుసగా ఆరు నెలలు మీ జీతంలో సగమైనా వస్తే, అప్పుడు రాజీనామా గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

మీవారి మాట గురించి. ఆయన భయం డబ్బు గురించే అయి ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకండి. ఫ్యాషన్ అన్న మాటకు మాత్రం ఇలా చెప్పండి. కోట్టక్కల్ ఆర్యవైద్యశాల 1902లో పెట్టారు. పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో గాంధీజీ ప్రకృతి చికిత్స మొదలుపెట్టింది 1946లో. మన భీమవరం ప్రకృతి ఆశ్రమానికి, కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణ రాజు గారి ఆరోగ్యాలయానికి వెళ్లినవాళ్లు మీ రెండు వైపుల బంధువుల్లోనే ఎవరో ఒకరు ఉంటారు, అడిగి చూడమనండి. రేపు "వెల్‌నెస్" అనే ఈ ఇంగ్లిషు పేరు పోయినా నడుము నొప్పులు, నిద్ర లేమి పోవు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. ఈ వారం ఆ పదిహేను మందికీ ఒక్కొక్కరిగా ఫోన్ చేయండి. వెళ్లేముందు ఏం తెలిసి ఉంటే బాగుండేది, అక్కడ ఏ రోజు కష్టమనిపించింది, ఇంటికొచ్చాక ఎన్నాళ్లు ఆ పద్ధతి నిలబెట్టుకున్నారు అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. అమ్మగారు ఈసారి వెళ్లేటప్పుడు ఆ నోటు పుస్తకం పట్టుకుని మీరూ వెళ్లండి. చేర్చుకునేటప్పుడు డాక్టరు ఆవిడను అడిగే ప్రశ్నలన్నీ వరుసగా రాసుకోండి. మీరు ఇప్పటిదాకా ఎవరినీ అడగని ప్రశ్న అందులో ఒకటైనా ఉంటే, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.